రెండు కిటికీలు

మా పెద్దమ్మ బస్సు కండక్టరు భార్య. అందువల్లే ఆమెకు బస్సులో ఏనాడూ సీటు దక్కలేదు.

అందరికంటే ముందే ఎక్కేది. కిటికీ పక్కన కూర్చుని కొంగు సర్దుకునేది. నాలుగు స్టాపులు దాటేసరికి బస్సు నిండేది. అప్పుడు పెదనాన్న టికెట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చి, ఏ ముసలావిడనో చంటిపిల్ల తల్లినో చూపించి, "ఇదిగో, కాస్త లే" అనేవాడు. అలాంటివాళ్ళు లేని రోజున మోకాలు నొప్పి ఉన్నవాణ్ణి వెతికి మరీ తెచ్చేవాడు. కండక్టరు తన పెళ్ళాన్ని కూర్చోబెట్టి జనాన్ని నిలబెట్టాడన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పెద్దమ్మ సీటుతో పెదనాన్న ఊరంతా ధర్మాత్ముడని పేరు తెచ్చుకున్నాడు.

రిటైరైన రోజున మెడలో దండతో ఇంటికొచ్చి, ఆ ఊపులో నోరు జారాడు.

"ఇన్నేళ్ళూ నా వెంట నిలబడ్డావు. ఏం కావాలో అడుగు."

పెద్దమ్మ కుట్టుమిషను దగ్గర జాకెట్టుకు చేతులు అతుకుతోంది. తొక్కడం ఆపకుండానే చెప్పింది. "నిలబడ్డ మాట మాత్రం నిజమేనండీ. కిటికీ పక్కన కూర్చుని ప్రయాణం చెయ్యాలి. మధ్యలో నన్నెవరూ లేపకూడదు. అంతే."

"అదెంత భాగ్యం. ఎక్కడికి?"

"ఎక్కడికైనా సరే. దూరం ఉంటే చాలు."

పెదనాన్న ఏ పనీ చిన్నగా చెయ్యడు. ఆయన మీద పెత్తనం చేసిన చెకింగ్ ఇన్‌స్పెక్టరు కిందటేడు విదేశం వెళ్ళొచ్చి, అక్కడి గాలి ఎంత చల్లగా ఉంటుందో టీ కొట్టు దగ్గర చెప్పి చెప్పి అందరికీ జలుబు చేయించాడు. ఆ ఇన్‌స్పెక్టరు వెళ్ళినదానికంటే దూరంగా ఉన్న దేశం ఏదైనా చూడమని పెదనాన్న ట్రావెల్ ఏజెంటుకు చెప్పాడు.

"అక్కడ ఏం చూస్తారు సార్?" అని అడిగాడు ఏజెంటు.

"ఉన్నదేదో వెళ్ళాక చూసుకుంటాం. దూరమేగా?"

దూరమే. సముద్రం కూడా ఉందట. ఆ తర్వాత పెదనాన్న అసలు తెలివి చూపించాడు.

"ఇద్దరికీ కిటికీ సీట్లే ఇవ్వు. బతుకంతా తలుపు దగ్గర వేలాడినవాణ్ణి, నాకు మాత్రం ఉండదా ఆశ?"

ఏజెంటు తలెత్తి చూశాడు. "ఇద్దరికీనా సార్?"

"ఇద్దరికీ. కొట్టెయ్ టికెట్లు."

కిటికీ దగ్గర కూర్చున్న మనిషి పక్క సీటుకు మళ్ళీ కిటికీ ఉండదన్న సంగతి, జీవితమంతా సీట్ల మధ్యే గడిపిన మనిషికి విమానం ఎక్కేదాకా తట్టలేదు. ఆయన సీటు రెక్క దగ్గర వచ్చింది. పెద్దమ్మది తోక దగ్గర.

"ఇదేంటి, నువ్వెక్కడికి?" అన్నాడు నడవాలో నిలబడి.

"నా కిటికీ దగ్గరికి," అని ఆమె చేతిసంచీ గుండెకు హత్తుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ నడకలోని హుషారు చూసి ఆయన మనసు చివుక్కుమంది.

విమానం పైకి లేచింది. పెద్దమ్మకు కింద రోడ్ల మీద బస్సులు గుండుసూది తలకాయల్లా కనిపించాయి. వాటిలో ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడ్డారో ఇంత ఎత్తు నుంచి తెలియడం లేదు. ఆమెకు ప్రాణం హాయిగా ఉంది.

పెదనాన్నకు రెక్క కనిపించింది. దాని మీద ఇక్కడ కాలు పెట్టరాదని రాసి ఉంది. ఎవరు పెడతారో ఆయనకు అర్థం కాలేదు. కాసేపటికి విసుగొచ్చి పక్కకు తిరిగితే, అక్కడ ఒక కొత్త పెళ్ళికూతురు ముక్కు ఎగబీలుస్తోంది. ఆమె భర్తకు వెనకెక్కడో సీటు వచ్చిందట.

పెదనాన్నకు ప్రాణం లేచొచ్చింది. నలుగురిని సర్దే పని దొరికితే ఆయనకు అన్నం అక్కర్లేదు. "నువ్వు ఊరుకో తల్లీ, నేను చూస్తాగా" అని లేచి, దారిలో కాళ్ళు చాపుకున్నవాళ్ళందరినీ "లోపలికి, లోపలికి" అని సర్దుతూ తోక దాకా వెళ్ళాడు. తీరా చూస్తే ఆ పెళ్ళికొడుకు పెద్దమ్మ పక్కనే, మధ్య సీటులో ఉన్నాడు.

"బాబూ, వెళ్ళి నా సీట్లో కూర్చో. మీ ఆవిడ పక్కనే. నేనిక్కడ సర్దుకుంటా."

కుర్రాడు ఆయన మనసు మారకముందే మాయమయ్యాడు.

"చూశావా, ఒక జంటను కలిపాను," అన్నాడు పెదనాన్న.

"మంచిపని చేశారు. కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. లెమ్మన్నట్టు వేళ్ళు ఆడించాడు. "ఇటు జరుగు మరి."

"ఎందుకు?"

"నా కిటికీ ఆ అబ్బాయికి ఇచ్చేశాగా."

"ఇచ్చింది మీ కిటికీ. ఇది నాది."

"మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏంటే?"

"అలాగా. మరి అది ఇచ్చేముందు అందులో సగం నాదని గుర్తు రాలేదా?"

నడవా పక్క సీటులో ఒకాయన కళ్ళకు నల్లటి గంతలు కట్టుకుని పడుకున్నాడు. గంతలు తియ్యకుండానే, "అయ్యా, పోట్లాడుకునేదేదో కూర్చుని పోట్లాడుకోండి" అన్నాడు. పెదనాన్న ఒక ప్రయాణికుడి మాట విని కూర్చోవడం అదే మొదటిసారి.

కూర్చున్నాడే గాని ఊరుకోలేదు.

"కిటికీ గాలి నీకు పడదే."

"ఇది తెరుచుకోదండీ."

"ఎండ మొహానికి కొడుతోంది."

"ఎండలో కూర్చోడానికేగా ఇంత దూరం పోతున్నాం."

"పోనీ వంతులు వేసుకుందాం."

"బస్సులో ఎన్నిసార్లు నిలబడ్డానో ఆ వంతులు ముందు తీర్చండి."

పెదనాన్న ఎదురు సీటు వెనక ఉన్న బుల్లి తెర మీద విమానం బొమ్మ ఎక్కడుందో చూస్తూ కూర్చున్నాడు. అది ఎంతకీ కదలడం లేదు.

భోజనాల ట్రేలు తీశాక లోపల దీపాలు ఆర్పేశారు. బయట పట్టపగలు. విమానంలో రాత్రి ఎప్పుడవ్వాలో సూర్యుడు కాక కంపెనీ చూసుకుంటుందట. ఎయిర్‌హోస్టెస్ వరసగా కిటికీలు మూయిస్తూ తోక దాకా వచ్చింది.

"మేడమ్, కిటికీ మూసెయ్యండి. అందరూ పడుకోవాలి కదా."

"అవునమ్మా, వెలుగు గంతల్లోంచి కూడా వస్తోంది," అన్నాడు గంతలాయన.

పెద్దమ్మ చెయ్యి దానంతటదే కిటికీ మూత మీదికి వెళ్ళింది. పదిమంది కోసం అన్నాక ఆమె ఒళ్ళు ఆమె మాట వినదు. సగం దింపి పెదనాన్న వైపు చూసింది. ఆయన ఇప్పుడు ఏమంటాడో ఆమెకు తెలుసు.

ఆ మాట ఆయన నాలిక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఎయిర్‌హోస్టెస్ యూనిఫాం మీద కళ్ళు పడ్డాయి. తన పెళ్ళాన్ని లేపాలంటే తను లేపాలి. ఎవరో వేరే కంపెనీ కండక్టరు వచ్చి లేపుతుంటే చూస్తూ ఊరుకోవడమా.

"అమ్మాయ్," అన్నాడు. "నువ్వు సర్వీసులో కొత్తా?"

"సార్?"

"ఎవరి సీటు పక్కన కిటికీ ఉంటే, తీసినా మూసినా వాళ్ళిష్టం. మా డిపోలో అదే రూలు."

అలాంటి రూలు ఆయన డిపోలో ఏనాడూ లేదు. పెద్దమ్మ మాత్రం ఆ మాట మళ్ళీ ఒకసారి చెబితే బాగుండునన్నట్టు ఆయన మొహంలోకి చూసింది.

"రూలు మాట సరే సార్. వీళ్ళ కళ్ళలో వెలుగు పడుతోందిగా," అంది ఎయిర్‌హోస్టెస్.

"వెలుగు ఇటు రాకపోతే చాలునా?" అని అడిగింది పెద్దమ్మ.

విమానంవాళ్ళిచ్చిన దుప్పటి విప్పి, అంచు కుట్టు చూసి, పనితనం బాగాలేదని పెదవి విరిచి, గాజులకున్న పిన్నీసులు తీసింది. దుప్పటి ఒక కొస ముందు సీటు గుడ్డకు, ఇంకో కొస తన సీటు గుడ్డకు గుచ్చింది. లోపల పెద్దమ్మ, కిటికీ, పగలు. బయట చీకటి. ఎయిర్‌హోస్టెస్ కాసేపు ఆలోచించింది. డేరాల గురించి ఆమెకు ట్రైనింగులో చెప్పినట్టు లేదు. వెళ్ళిపోయింది.

గంతలాయన గురక మొదలుపెట్టాడు. పెదనాన్న చీకట్లో దుప్పటిని వేలితో పొడిచాడు.

"ఏం కనిపిస్తోందే?"

"ఏమీ లేదండీ. మబ్బులు."

"ఏమీ లేకపోతే ఇటు జరగొచ్చుగా."

"ఏమీ లేకపోయినా ఎంత బాగుందో."

కాసేపటికి లోపల్నుంచి "అబ్బ" అని వినిపించింది.

"ఏంటే? ఏంటది?"

మళ్ళీ "అబ్బబ్బ" అంది. పెదనాన్న సీట్లో ఇటు దొర్లాడు, అటు దొర్లాడు. చివరికి గొంతు తగ్గించి, సర్వీసు మొత్తంలో ఏ ప్రయాణికుణ్ణీ అడగని మాట అడిగాడు.

"నేను రావచ్చా?"

"పిన్నీసు ఊడకుండా రండి. తల మాత్రమే."

తల మాత్రమే వెళ్ళింది. కింద మబ్బులు విడిపోయి, మంచుకొండలు ఎండలో మెరుస్తున్నాయి. వాటి మధ్య దారంలా సన్నటి రోడ్డు. దాని మీద వెళ్ళేది బస్సు అని ఆయన, లారీ అని ఆమె. ఎయిర్‌హోస్టెస్ నీళ్ళ గ్లాసులతో అటుగా వచ్చేసరికి ముందు సీట్లలో కొత్త జంట అటొకరు ఇటొకరు తిరిగి, ఎవరి తెరలో వాళ్ళు సినిమా చూసుకుంటున్నారు. తోక దగ్గర ఒక దుప్పటి పోట్లాడుకుంటూ, మధ్యమధ్య నవ్వుకుంటోంది.

విమానం దిగేటప్పటికి పెదనాన్న మెడ పట్టేసింది. ఆ ప్రయాణంలో తీసుకున్న ఫొటోలన్నింటిలోనూ ఆయన తల ఒక పక్కకే తిరిగి ఉంటుంది. ఎందుకలా అని ఎవరడిగినా, సముద్రం అటుపక్క ఉందని చెబుతాడు. సముద్రం ఇటుపక్క ఉంది. అటుపక్క ఉన్నది పెద్దమ్మ.