మధ్యలో ఆగిన నానమ్మ

ఇంట్లో అందరూ ఆ పిల్లను రెంచి అనే పిలిచేవాళ్లు. పాడైన ఫ్యానైనా మిక్సీ అయినా ఆమె చేతిలో పడితే తిరగాల్సిందే. ఇంజనీరింగే చదువుతానని పట్టుబట్టింది గానీ, లెక్కలన్నా భౌతికశాస్త్రమన్నా ఆమడ దూరం. "బోల్టు బిగించడానికి సూత్రాలెందుకు?" అనేది. తల్లి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి మానుకుంది.

మోకాళ్ల నొప్పులతో నానమ్మ డాబా ఎక్కడం మానేసింది. రెంచి ఒక కుర్చీకి తాడు కట్టి, డాబా అంచున దూలానికి గిలక బిగించి, పాత మోటారొకటి తగిలించింది. నిండు గ్యాస్ సిలిండరు పెట్టి చూస్తే సులువుగా పైకెళ్లింది. ఇంకేం, నానమ్మను కూర్చోబెట్టి, నడుముకు బెల్టు కట్టి, మీట నొక్కింది.

కుర్చీ కిటికీ పైదాకా వెళ్లింది. మోటారు మూలిగి, వేడెక్కి, ఊరుకుంది.

అప్పుడే తల్లి బజారు నుంచి వచ్చింది.

"మీ నానమ్మేదే?"

"మధ్యలో ఉంది."

తల్లి తలెత్తి చూసింది. "అత్తయ్యా, అక్కడేం చేస్తున్నారు?"

"వేలాడుతున్నాను. ఇక్కడంతా బూజు పట్టింది. చీపురందించు, దులిపేస్తాను."

మోటారు చల్లారాక ఆవిడను మెల్లగా దించారు.

"నా బరువెంతో లెక్క చూశావుటే?" అంది నానమ్మ.

"సిలిండరంత ఉంటావనుకున్నా."

నానమ్మ కాసేపు పొంగిపోయింది. తర్వాత తేరుకుని, "అనుకోవడం కాదు. కాగితం మీద చూపిస్తేనే మళ్లీ ఎక్కుతా," అంది.

రెంచికి తల కొట్టేసినట్టయింది. ఎప్పుడో దాటేసిన పాఠం తీసింది. పైనున్న గిలక తాడును దారి మళ్లిస్తుందే తప్ప బరువు తగ్గించదట. కుర్చీతోపాటు కదిలే గిలక ఇంకొకటి కావాలట. సమీకరణం దగ్గర చిక్కుకుని, సిగ్గు విడిచి లెక్కల టీచరు ఇంటికెళ్లింది. ఆవిడ నవ్వలేదు. "ముందు బరువెంతో చెప్పు," అంది.

నానమ్మ యాభై అంది. కాటా డెబ్భై అంది.

"కాటా పాడైపోయింది," అంది నానమ్మ.

రెంచి కాటా మాటే రాసుకుంది. కుర్చీ బరువు కలిపింది, మోటారు శక్తి చూసింది, తప్పులు దిద్దుకుంటూ మళ్లీ మళ్లీ లెక్క కట్టింది. టీచరు సరేనన్నాకే కుర్చీకి రెండో గిలక బిగించి, నానమ్మను కూర్చోబెట్టి మీట నొక్కింది.

"ఇంత నెమ్మదేమిటే?" కుర్చీలోంచి నానమ్మ కేకేసింది.

"మోటారుకి బరువు సగమైతే, నీకు వేగమూ సగమే నానమ్మా!"

"అదీ లెక్కలో ఉందా?"

"ఉంది!"

తను రాసుకున్నట్టే కుర్చీ డాబా చేరింది. రెంచి లెక్కల కాగితం పట్టుకుని మెట్ల మీదుగా పైకి పరుగెత్తింది. ఏ మిక్సీ తిరిగినప్పుడూ ఇంత సంబరపడలేదు.

సాయంత్రం దాకా దిగేది లేదంది నానమ్మ. రెంచి పక్కనే చతికిలబడి తర్వాతి పాఠం తెరిచింది.