అరకు చుట్టాలు

బాలనర్సింహ ఇంటినుంచి పాలక్యాన్‌లో మోసుకొచ్చిన బియ్యం కడిగిన నీళ్ళను అరకు వరుస కుండీల్లో పోశాడు. పక్కనే ఉన్న బహదూర్‌పురా మొక్కల వరుస వైపు చూడనైనా లేదు. అవి ఈ ఊరివే, ఇంటివి, సర్దుకుంటాయి. అరకువి పాపం చల్లటి కొండలు వదిలి ఈ ఎండలోకి వచ్చాయి.

కాలేజీలో మాలీగా చేరిన నాటినుంచి అతను పీకి పారేసింది ఈ గడ్డిచేమంతినే. రీసెర్చ్ చేసే ప్రీతి ఇప్పుడు దాన్నే రెండు చోట్లనుంచి తెప్పించి గారాబంగా పెంచుతోంది. ఒకే మట్టి, ఒకే ఎండ, ఒకే కొలత నీళ్ళు ఇస్తే ఏ ఊరి మొక్క ఇక్కడ బాగా బతుకుతుందో తేలుతుందట. కొలత నీళ్ళు రెండు వరుసలకూ అతను నిక్కచ్చిగానే పోసేవాడు. కానీ పాడి ఇంట్లో పుట్టినవాడు. చుట్టం తిన్నాకే ఇంటివాళ్ళ కంచాల్లో మీగడ పడే ఇల్లది. బియ్యం నీళ్ళు అతని దృష్టిలో నీళ్ళే కావు, మర్యాద.

ఆ రోజుతో అతని నౌకరీ ముగుస్తుంది. మధ్యాహ్నం ప్రీతి స్కేలుతో మొక్కల్ని కొలిచి గంతేసినంత పని చేసింది.

"అంకుల్, అరకువే మస్తు పెరిగినయ్! ఎవ్వరు అనుకోలే. రేపే ఈ లెక్కలు మా సార్‌కి పంపిస్త."

"పెరగవా బిడ్డా? రోజూ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పోసిన," అన్నాడు భారీ పొట్టమీద చెయ్యి వేసుకుని, గొప్పగా.

"రెండు వరుసలకా?"

"ఇంటోళ్ళకెందుకు?"

ప్రీతి కుండీల మధ్య చతికిలబడింది. "ఏడాదంత చేసిన పని పోయింది అంకుల్."

అంత మనిషీ చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. "నీ చదువు ఖరాబ్ చేసిన్నా బిడ్డా?"

ఆ మొహం చూసి ప్రీతికి ఏడుపులోనే నవ్వొచ్చింది. "నారు మిగిలుంది, మళ్ళ మొదలువెడ్త. కొలత దాటి సుక్క నీళ్ళు పొయ్యొద్దు మరి."

"నా బర్రెల మీద ఒట్టు. సుక్క పొయ్య."

పొద్దు వాలేదాకా ఒళ్ళు వంచి కొత్త నారంతా అతనే నాటాడు. తరువాత స్టాఫ్‌రూంలో దండ వేయించుకుని, ఎవరూ చూడకుండా మరోసారి కుండీల దగ్గరికి వెళ్ళొచ్చి, ఆటో ఎక్కి దబీర్‌పురా వెళ్ళిపోయాడు.

మర్నాడు ప్రీతి వచ్చి చూస్తే, నీళ్ళ విషయంలో ఒట్టు ఎక్కడా తప్పలేదు. అరకు వరుసమీద మాత్రం, ఊచ విరిగిన నల్లగొడుగు ఒకటి విప్పి, కర్రకు పురికొసతో గట్టిగా కట్టేసి ఉంది.