బల్ల కాళ్ళ కింద ట్యూబు ముక్కలు

మా అమ్మాయి కన్ను మైక్రోస్కోపుకు ఇంకా ఆననే లేదు, ఒకతను వచ్చి దాన్ని బల్ల మీద నుంచి ఎత్తుకుపోయాడు.

నేను గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా కళ్ళతో చూశాను. తొమ్మిదో తరగతి పిల్లలు నలభై ఒక్కమంది వరసలో ఉన్నారు. పదకొండు మంది చూశారు. మా అమ్మాయిది పన్నెండో వంతు. జడ వెనక్కి వేసుకుని, ఒక కన్ను మూసుకుని వంగబోయింది. తనిఖీ అధికారుల కారు గేటు దాటిందో లేదో, ముందు రోజు ఆ సామాన్లు తెచ్చి దించిన వ్యాను మనుషులే మళ్ళీ గదిలోకి వచ్చేశారు. మైక్రోస్కోపులు, గాజు సీసాలు, ఎముకల బొమ్మ, చివరికి తొమ్మిది బల్లలు కూడా మోసుకెళ్ళారు. గది బోసిపోయింది. మా అమ్మాయి ఆ మూసిన కన్ను కాసేపటి వరకు తెరవలేదు.

లారీలకు బస్తాలెత్తేవాళ్ళకూ, మిల్లులో బట్టలు నేసేవాళ్ళకూ, కాలేజీల్లో చదువుకుంటున్న మీకూ ఇది రాస్తున్నాను. రాయమని సంఘం వాళ్ళు అడిగారు. నేను బడిలో ఆయాను. ఊడవడం, కడగడం, గంట కొట్టడం నా పని. రాయడం కొత్త. అందుకని జరిగింది జరిగినట్టే రాస్తాను, నా కుళ్ళుతో సహా.

మా కింది వీధికి ఒక బడి, గుట్ట మీది వీధికి ఒక బడి. రెంటికీ మధ్య ఎత్తుగా పోయే రోడ్డు, ఆ రోడ్డుకు ఒక మలుపు. ఆ ఏడాది జిల్లా విద్యాశాఖ వాళ్ళు బడులన్నీ బాగుచేస్తామని పథకం పెట్టారు. బోధన మారుస్తాం, పాఠాలు మారుస్తాం, వసతులు పెంచుతాం అన్నారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, కొంత చేశారు కూడా. సైన్సు మాస్టారిని వారం రోజులు శిక్షణకు పంపితే, ఆయన తిరిగొచ్చి పాఠాలు అప్పజెప్పించుకోవడం మానేసి, పిల్లల చేతే ప్రశ్నలు అడిగించడం మొదలుపెట్టాడు. కొత్త పుస్తకాలు వచ్చాయి. వాటిలో సగం ప్రయోగాలే. పరీక్షలో సగం మార్కులూ వాటికే.

రానిది ప్రయోగశాల ఒక్కటే. దాని బదులు పోటీ వచ్చింది. రెండు బళ్ళనూ తనిఖీ చేసి మార్కులు వేస్తారట. ఎక్కువ వచ్చిన బడికి పదో తరగతి ఉంటుంది. తక్కువ వచ్చిన బడిలో తొమ్మిదితో సరి. మరి ఓడిన బడి పిల్లల సంగతేమిటని అడిగితే, గెలిచిన బడిలో ఖాళీలుంటే చేర్చుకుంటారన్నారు. ఖాళీలు లేకపోతే మిల్లు ఉంది. మిల్లులో ఎప్పుడూ ఖాళీలే. మా అమ్మాయి చదువు ఆ మార్కుల కాగితానికి వేలాడుతూ ఉండిపోయింది.

వ్యాను వెళ్ళాక హెడ్మాస్టరు గారు మమ్మల్నీ, తల్లిదండ్రుల్నీ పిలిచి కూర్చోబెట్టారు. సామాన్లు మరమ్మతుకు వెళ్తున్నాయనీ, మన బడి ఎంపికైతే శాశ్వతంగా ఇక్కడికే వస్తాయనీ చెప్పారు. తర్వాత గొంతు తగ్గించారు.

"ల్యాబు వెళ్ళిపోయిందన్న మాట గుట్ట మీదికి పాకిందంటే వాళ్ళు వెంటనే అర్జీ పెడతారు. మీ పిల్లల పదో తరగతి మీ నోట్లోనే ఉంది."

ఇంకేం చెప్పినా ఎదురు అడిగేవాళ్ళమే. గుట్ట మీది వాళ్ళ పేరెత్తేసరికి మా నోళ్ళు పడిపోయాయి. వాళ్ళకు ఒక మార్కు ఎక్కువ రావడం కంటే మా గది ఖాళీగా ఉండటమే నయమనిపించింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, నాకు మరీ అనిపించింది.

ఎందుకంటే గుట్ట బడిలో ఆయా మా చెల్లి. మాది ఒకటే పని, ఒకటే జీతం, ఒకటే రంగు చీర. దాని కూతురూ తొమ్మిదే. చిన్నప్పుడు మా ఇద్దరికీ కలిపి ఒకటే పలక ఉండేది. వంతులవారీగా రాసుకోమనేది అమ్మ. పలక దాని ఒళ్ళోనే ఎక్కువసేపు ఉండేది. అది ఏడు దాకా చదివింది, నేను నాలుగుతో ఆగిపోయాను. ముప్పై ఏళ్ళయింది, ఇప్పటికీ దాని నవ్వు వింటే నాకు ఆ పలకే గుర్తొస్తుంది.

మా తనిఖీ అయిన మూడో రోజున చెల్లి, తన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మాటల్లో మాటగా బడి సంగతి తీసింది.

"మా దానికి రోజూ ల్యాబే అక్కా. ఉల్లిపొర చూసిందట, ఇటుకలు పేర్చినట్టు ఉందట."

"మాకూ రోజూనే," అన్నాను. "మా అమ్మాయి రక్తపు చుక్క చూసింది."

మా అమ్మాయి నా ముఖం వంక ఒక్కసారి చూసి తల దించుకుంది. దాని పక్కన కూర్చున్న చెల్లి కూతురు కూడా గోళ్ళు చూసుకుంటూ ఉండిపోయింది. అది అప్పుడు నాకు తట్టలేదు. చెల్లి ముఖం మాడటం ఒక్కటే చూశాను, నా కడుపు చల్లబడింది.

వాళ్ళు వెళ్ళాక మా అమ్మాయి అడిగింది, పిన్ని కూతురు నిజంగానే చూసిందా అని. చూసే ఉంటుందన్నాను. "దానికి మొదటి నుంచీ అన్నీ అంతే," అంది. నా గొంతు నా కూతురి నోట్లోంచి వచ్చింది. ఆ పూట అది అన్నం సగంలో వదిలేసింది.

బడిలో సైన్సు మాస్టారు నల్లబల్ల మీద మైక్రోస్కోపు బొమ్మ వేసి, ఇక్కడ కన్ను పెట్టాలి, ఇది తిప్పాలి అని చెబుతుండేవాడు. పిల్లలు ఆ సుద్ద గీతల్లోకే ఒక కన్ను మూసి చూసేవాళ్ళు. ఆ బొమ్మను నేను మూడు రోజులు తుడవలేదు.

పది రోజులకు గుట్ట బడి తనిఖీ వచ్చింది. నేను ఒంట్లో బాగాలేదని చెప్పి సెలవు పెట్టాను. వాళ్ళకు ఏముందో, మాకు ఏం లేదో కళ్ళారా చూడకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. చెల్లి గేటు దగ్గర హడావిడిగా ఉంటే, నేను వెనక కిటికీ వైపు వెళ్ళాను. గదినిండా సామాన్లు. మైక్రోస్కోపులు, సీసాలు, ఎముకల బొమ్మ. నాకు కళ్ళు కుట్టాయి. లోపల ఎవరో ఒక బల్ల జరిపారు. అది చప్పుడు చేయలేదు.

ఇక్కడ నా పని గురించి ఒక మాట చెప్పాలి. బల్లలు జరిపితే నేల మీద కీచుమంటాయి. ఆ చప్పుడు నాకు పడదు. అందుకని పాత సైకిలు ట్యూబు ముక్కలుగా కోసి, ప్రతి కాలికీ తొడిగి, ఎర్ర దారం చుట్టి, లోపలివైపు ముడి వేస్తాను. మా బడిలో ఏ బల్ల చూసినా అంతే. వ్యానులో వచ్చిన తొమ్మిది బల్లలకు కూడా తనిఖీకి ముందు రోజు కూర్చుని ముప్పై ఆరు కాళ్ళకూ కట్టాను. చెయ్యి అలవాటు, ఊరుకోదు.

కిటికీలోంచి వంగి చూశాను. ట్యూబు ముక్కలు. ఎర్ర దారం. లోపలివైపు ముడి.

నిజం అప్పుడే తెలిసిపోయిందనుకుంటారు మీరు. లేదు. నాకు తట్టిన మొదటి మాట, మా ల్యాబు వీళ్ళు కొట్టేశారని. అధికారులు వెళ్ళేదాకా ఆగి, గేటు దగ్గరికి పోయి చెల్లి చెయ్యి పట్టుకున్నాను. నలుగురి ముందూ దొంగలని తిట్టాను. మా బల్లలు, నా చేత్తో కట్టిన ట్యూబులు అన్నాను. పలక అన్నాను. ముప్పై ఏళ్ళ నుంచి దాచుకున్నదంతా కక్కేశాను.

చెల్లి ఊరుకునే మనిషి కాదు. "మావే అవి. ఇన్నాళ్ళూ మరమ్మతులో ఉండి, నిన్ననే వచ్చి..." అని ఆగిపోయింది. మా ఇద్దరి మధ్య నుంచే వ్యాను మనుషులు ఒక బల్ల మోసుకుపోతున్నారు.

"మీవీ తీసుకుపోయారా?" అంది మెల్లగా.

"మీరు రోజూ చూస్తున్నారంటివి కదే."

"నువ్వూ అన్నావు కదక్కా, రక్తపు చుక్క."

గుట్ట హెడ్మాస్టరు కూడా వాళ్ళ చేత ఒట్టు వేయించుకున్నంత పని చేశాడట, ల్యాబు లేదన్న మాట కింది వీధికి తెలియకూడదని. రెండు వీధులూ ఒకే అబద్ధాన్ని కళ్ళలో పెట్టుకుని కాపాడాం. కాపలాకు మనిషిని కూడా పెట్టనక్కర లేకపోయింది వాళ్ళకు. మా ఓర్వలేనితనమే కాపలా కాసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం లారీ స్టాండులో రెండు వీధుల వాళ్ళం కూడాం. కూడాం అంటే కలిశామని కాదు. వాళ్ళు నీడలో ఒకవైపు, మేము ఇంకోవైపు. మొదటి గంటంతా రభసే. గుట్ట మీది దర్జీ లేచి, మా బడికి రెండు మార్కులు ఎక్కువని విన్నాం, మీతో కలిసి ఆ రెండూ ఎందుకు పోగొట్టుకోవాలన్నాడు. మా వాళ్ళు కుర్చీలు తోసి లేచారు. నోరు మూసుకుని ఉంటే ఎవరో ఒకరికి పదో తరగతి దక్కుతుంది, గొడవ చేస్తే ఇద్దరికీ పోతుందని ఒక ముసలాయన భయపెట్టాడు. ఆ భయం రెండు నీడల్లోకీ పాకింది.

అప్పుడు సైన్సు మాస్టారు లేచాడు. ఉద్యోగం పోతుందని తెలిసీ వచ్చాడు. "గెలిచిన బడికి పదో తరగతి వస్తుంది. ల్యాబు రాదు," అన్నాడు. "సగం పరీక్ష సుద్దబొమ్మ చూసి రాయాలి మీ పిల్లలు. రెండు మార్కులకు సంబరపడుతున్నారు, ఏం గెలిచారో చెప్పండి."

దర్జీ కూర్చున్నాడు. నేను లేచాను. సభలో నిలబడటం అదే మొదటిసారి. చెల్లి కూతురు పరీక్ష తప్పితే బాగుండునని కోరుకున్నానని చెప్పాను. అలాంటిదాన్ని నేనొక్కదాన్నేనా అని అడిగాను. ఎవరూ నవ్వలేదు. నీడల్లోంచి ఒక్కొక్కరే, నేనూ కోరుకున్నానని చెప్పుకోవడం మొదలుపెట్టారు. చెల్లి లేచి, "నాకైతే వాళ్ళ బడి గంట చప్పుడు విన్నా ఒళ్ళు మండేది," అంది. ఆ గంట కొట్టేది నేనే. దానికి మాత్రం అందరూ నవ్వారు, నేను తప్ప.

మా కోరికలు మూడే. రెండు బళ్ళలోనూ పదో తరగతి ఉండాలి. రెండింటికీ ప్రయోగశాల కావాలి. మార్కుల పోటీ ఆపాలి. అర్జీ రాసి పంపాం. నెల గడిచినా జవాబు లేదు. జవాబుగా పెద్ద అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ఉదయం మా బడిలో ఫోటోలు, మధ్యాహ్నం గుట్ట బడిలో ఫోటోలు, సాయంత్రం ఫలితం. అంటే మధ్యలో వ్యాను ఆ రోడ్డు ఎక్కాలి, ఆ మలుపు తిరగాలి.

మలుపులో కూర్చున్నాం. కింది నుంచి మేము, పైనుంచి వాళ్ళు. హమాలీలు పని ఆపి వచ్చారు, మిల్లు ఆడవాళ్ళు మధ్యాహ్నం షిఫ్టు మానేసి వచ్చారు. వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు మమ్మల్ని చూసి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకున్నాడు.

"నాకూ విసుగొచ్చింది," అన్నాడు. "ఇదే సామాను మోయడం. ఇంకా పదకొండు బళ్ళున్నాయి నా లిస్టులో."

పదకొండు. ఆ మాట జనంలో చివరిదాకా పోయి తిరిగొచ్చింది. ఎన్ని వీధుల వాళ్ళు ఎన్ని వీధుల్ని చూసి కుళ్ళుకుంటున్నారో అనుకున్నాను.

చెల్లి వ్యాను ఎక్కి తలుపు తీసింది. ఒక్కో బల్లా అందిస్తుంటే మా ఆయనా, తోటి హమాలీలూ దించారు. తొమ్మిది బల్లలు తారు రోడ్డు మీద వరసగా వేశాం. మాస్టారు ఉల్లిపాయ కోసి, పొర తీసి, గాజు పలక మీద పరిచాడు. రెండు బళ్ళ పిల్లలూ ఒకే వరసలో నిలబడ్డారు. ముందు ఎవరని తోపులాట. చెల్లి కూతురు మా అమ్మాయిని ముందుకు తోసింది. "నీ వంతు అప్పుడే రావాల్సింది కదా," అంది.

మా అమ్మాయి వంగి చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తకుండానే, "ఇటుకలే," అంది.

అప్పుడే పెద్ద అధికారి కారూ, వెనకాల పోలీసు జీపూ వచ్చాయి. అధికారి కిందికి దిగలేదు. పోలీసులు దిగారు. ప్రభుత్వ ఆస్తి దోపిడీ అన్నారు. ఒకతను మైక్రోస్కోపు ఎత్తబోయాడు. ఈసారి దాని మీద ఎన్ని చేతులు పడ్డాయో లెక్క తెలియదు, అది అంగుళం కదల్లేదు. దాంతో వాళ్ళు వ్యాను మీదున్న చెల్లిని కిందికి లాగి జీపులో పడేశారు. మాస్టారినీ తోశారు. డ్రైవరు తానే వెళ్ళి ఎక్కాడు.

నేను జనాన్ని తోసుకుంటూ జీపు దగ్గరికి పోయాను. ఆ బల్లలకు ట్యూబులు కట్టింది నేను, నన్ను ఎక్కించుకోండి అన్నాను. చోటు లేదన్నారు. ఊచల వెనక నుంచి చెల్లి నా వంక చూసి నవ్వింది. నుదుటి మీద దెబ్బ, నెత్తురు, అయినా అదే నవ్వు.

"ఎప్పుడూ నేనే ముందు అక్కా."

ఒళ్ళు మండిపోయింది నాకు. పలక నాటి మంటే అది. కానీ ఈసారి దాని చేతిలోది లాక్కోవాలనిపించలేదు, దాని పక్కన కూర్చోవాలనిపించింది.

జీపు ముందు మేమంతా వరస కట్టాం. కింది వీధి, గుట్ట వీధి అని లేదు. మమ్మల్నీ ఎక్కించందే కదలనివ్వం అన్నాం. ఇంకో జీపు తెప్పిస్తాం, నోరు మూసుకోండి అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. జీపు చాలదు సార్, లారీ తెప్పించండి, ఎక్కించడం మాకు అలవాటే అన్నాడు మా ఆయన. దర్జీ అప్పటికే వ్యాను లిస్టు జేబులో పెట్టుకుని, పదకొండు బళ్ళలో మొదటిదానికి సైకిలు మీద బయలుదేరాడు. రోడ్డు మీద బల్లల దగ్గర పిల్లల వరస కదులుతూనే ఉంది.

మా వరసలో నాకు పన్నెండో చోటు దొరికింది. ముందున్న పదకొండు మందిని చూస్తే నాకు కుళ్ళుగానే ఉంది.