ఉన్ని పట్టుకున్న చీర

2013 జూన్ పదకొండున ఐగెరిమ్ మొదటిసారి పండుమిరపకాయ పచ్చడి తింది. కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో డాక్టరు చదువు చదివిన నాగేంద్రబాబు, అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుని గుంటూరు తీసుకొచ్చిన రోజది. వేడన్నం, నెయ్యి, ఎర్రగా మెరిసే పచ్చడి. చుట్టూ బంధువులు. రెండో ముద్దకే కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. అయినా మింగింది. "చూశారా! ఇంక ఇది మన పిల్లే," అంది అత్తగారు కోటిరత్నం. ఐగెరిమ్ అనడానికి నోరు తిరగక, ఆ పూటే శ్రీరమ్య అని పేరు కూడా పెట్టింది.

భాష రాని చోట ఆ ఒక్క మాటే ఆమెకు కొండంత అండ అనిపించింది. అందుకే తరవాత ఇంటికి ఎవరొచ్చినా ఆ ముద్ద తిని చూపించింది. పొద్దున్నే టిఫిన్లు, మామగారి మందులు, భర్త ఆసుపత్రి దుప్పట్లు ఉతికించడం, మళ్ళీ వంట. ఇవేవీ ఎవరికీ కనిపించేవి కావు. పచ్చడి తినడం మాత్రం అందరికీ కనిపించేది. వాళ్ళు నవ్వుతుంటే, కోటిరత్నం ఒక్కతే మజ్జిగ గ్లాసు ఆమె చేతికి అందేలా జరిపి, ఏమీ ఎరగనట్టు అటు తిరిగేది.

మిగిలిన కాస్త పొద్దూ మేడమీది గదిలో గడిచేది. మనిషీ చెట్టూ ఏదీ కనిపించని బొమ్మలు ఆమెవి. మిర్చి తొడిమలు, చీరాల మగ్గాల కింద రాలిన నూలు ముక్కలు, పుట్టింటి నుంచి తెప్పించుకున్న గొర్రె ఉన్ని, వీటితోనే చేసేది. ఆమె తల్లి ఉన్నిని వేడి సబ్బునీళ్ళతో తడిపి, చుట్టి దొర్లించేది. పోగు పోగును పట్టుకుని చాపలా గట్టిపడేది. పత్తి అలా పట్టుకోదు, ఎంత దొర్లించినా విడిపోతుంది. ఈ నేల పత్తినీ తన ఊరి ఉన్నినీ జిగురు లేకుండా కలపాలని ఏళ్ళ తరబడి ఆమె ప్రయత్నం. "టైంపాస్‌కి ఏదో అతికిస్తుంటుందిలే," అనేవాడు నాగేంద్రబాబు. ఆమె జిగురే వాడదని అతనికి తెలియదు.

మొన్న ఆదివారం సాయంత్రం, వలలా పలచబడిన అత్తగారి పాత నూలు నేతచీర పరిచి, పైన ఉన్ని పేర్చి, మధ్యలో తొడిమలు చల్లి దొర్లిస్తోంది. ఉన్ని వెంట్రుకలు నేతలోంచి దూరి అవతలికి తేలాయి. లాగి చూసింది. ఊడి రాలేదు. ఇంకోచోట లాగింది, అక్కడా అంతే. నీళ్ళు చల్లారకుండా ఇంకాసేపు దొర్లిస్తే నిలిచిపోతుంది. విజయవాడలో జరగబోయే కళాప్రదర్శనకు పంపవలసింది ఇదే.

"రమ్యా! పేరయ్య బాబాయి వచ్చాడు. ఒక్కసారి రా!" కింద నుంచి నాగేంద్రబాబు పిలిచాడు.

సబ్బునురగ చేతులతోనే దిగింది. కంచంలో ఎర్రగా కలిపిన ముద్ద సిద్ధంగా ఉంది.

"ఏమ్మా రష్యా కోడలా, మన కారం తింటావంటగా? ఏదీ, కానీ!" పేరయ్య వీడియో తీయడానికి ఫోను ఎత్తిపట్టాడు.

"అదెంత పని బాబాయ్! మనకంటే ఎక్కువ తింటది," అన్నాడు నాగేంద్రబాబు.

పైన నీళ్ళు చల్లారిపోతున్నాయి.

"నాకు కారం ఇష్టం లేదండీ," అంది ఐగెరిమ్. "ఎప్పుడూ లేదు."

"జోకులేస్తోంది," అన్నాడు భర్త. ఎవరూ నవ్వలేదు. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది.

చల్లారిన నీళ్ళలోనే దొర్లిస్తూ కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు కోటిరత్నం వచ్చింది. ఒక చేతిలో పొగలు కక్కే నీళ్ళ బకెట్టు, రెండో చేతిలో పెరుగన్నం గిన్నె.

"ఇష్టం లేందానివి ఇన్నేళ్ళూ ఎందుకు తిన్నావే?"

"మన పిల్ల అన్నారు కదా, అత్తయ్యా."

కోటిరత్నం నేలమీద చతికిలబడింది. తన చీరలోంచి మొలిచిన ఉన్నిని వేలితో తడిమింది.

"నాకూ పడదే," అంది చివరికి. "కడుపులో ఒకటే మంట. ముద్ద ఎర్రగా లేకపోతే మీ మామయ్య కంచం విసిరేవాడు. అలవాటైందనుకున్నారంతా."

ఇద్దరూ ఒకే గిన్నెలో పెరుగన్నం తిన్నారు. వేడినీళ్ళు పోసి, చెరో కొస పట్టుకుని దొర్లించడం మొదలుపెట్టారు.

"అమ్మా! బాబాయి భోంచేసి వెళ్తాడంట. ఎవరో ఒకరు కిందికి రండి!" కింద నుంచి కేక.

కోటిరత్నం తడి చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. చప్పుడు కాకుండా తలుపు మూసి, లోపల గడియ పెట్టింది.