ఆకుపచ్చ గౌను ముక్క

మా అమ్మ నారాయణమ్మకు గుడ్డ ముక్క కనిపిస్తే చాలు, ప్రాణం లేచొస్తుంది. కంచరపాలెంలో రైలు కట్ట పక్కన మా ఇల్లు. కాలు పెట్టడానికి చోటుండేది కాదు, అన్నీ మూటలే. పాత ఊళ్ళో జలీల్ మామ టైలరు షాపు నుంచి కత్తిరింపులు తెచ్చి బొంతలు, దిండు గలీబులు కుట్టేది. స్టీల్‌ప్లాంటు కడుతున్న రోజులవి. కొత్తగా దిగిన ఆఫీసర్ల భార్యలు సోఫాల మీదికని ఆ రంగురంగుల గలీబులు ముచ్చటపడి కొనుక్కునేవాళ్ళు.

నాకు ఇద్దరు పిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. మూడో కాన్పుకు పుట్టింటికొచ్చాను. మా వైపు ఇలాంటి బిడ్డకు కొత్త గుడ్డ తగలనివ్వరు. పిల్లలు బతికి ఆడుకుంటున్న ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ పాత బట్టల ముక్కలు అడిగి తెచ్చి, బొంత కుట్టి అందులో పడుకోబెడతారు. ఆ పిల్లల ఆయుష్షు ఈ బిడ్డకూ అంటుతుందట. నమ్మానో లేదో నాకే తెలీదు. అప్పుడు ఎవరేం చెప్పినా తలూపేదాన్ని.

అమ్మ ఎండనక ఇల్లిల్లూ తిరిగింది. జలీల్ మామ ఇంటికీ వెళ్ళింది. ఆయన కూతుర్ని ఒకప్పుడు షాపులో చూసిందిలెండి. ఆయన భార్య జన్నత్ బీ లోపలికెళ్ళి, చాలాసేపటికి జరీ అంచున్న ఆకుపచ్చ గౌను ముక్క తెచ్చిచ్చిందట. అమ్మ మురిసిపోయి దాన్ని బొంతకు నడిమధ్యన కుట్టింది.

కొడుకు పుట్టాడు. వాణ్ణి పక్కింటి చిలకమ్మ చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నాం. తవిటయ్య అని పేరు పెట్టాం. వాడు ఆ జరీ అంచును గుప్పిట పట్టుకునే నిద్రపోయేవాడు. బోర్లాపడ్డాడు కూడా. నాకు మళ్ళీ నవ్వడం వచ్చింది, సిగ్గులేకుండా.

అంతలో ఒకరోజు అమ్మ షాపులో జలీల్ మామను, మీ పిల్ల కనిపించడం లేదేమని అడిగింది. ఇంటి సంగతులు మాట్లాడే మనిషి కాదాయన. మిషను ఆపి, పిల్ల పోయి ఏడాదైందన్నాడు. అమ్మ అక్కణ్ణుంచి తిన్నగా జన్నత్ బీ మీదికెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టిందట. ఆవిడ తల దించుకుని ఒక్కమాటే అందట.

"పిల్లలున్న ఇల్లని వచ్చినావు అక్కా. నేదని సెప్పనేకపోనాను."

అమ్మ ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా బిడ్డ కింద నుంచి బొంత లాగేసింది. బ్లేడుతో కుట్లు తెంపింది. వద్దమ్మా, వాడికి అది అలవాటని మొత్తుకున్నాను. వింటేనా! ఆ చోట ఇంకేదో చీర ముక్క అతికింది. ఆ రాత్రంతా వాడు అంచు కోసం తడుముకుంటూ ఏడ్చాడు. వారం తిరక్కుండా జ్వరం పట్టుకుంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. తిరిగి వచ్చింది మేమే.

గుడ్డ ముక్క వల్ల జ్వరం రాదని నాకూ తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు. వాణ్ణి పూడ్చి వచ్చాక అమ్మ ముందు నిలబడి అడిగేశాను.

"ఆ ముక్క ఉన్నన్నాళ్ళూ నా బిడ్డ బాగానే ఉన్నాడు కదే అమ్మా?"



మర్నాడు పొద్దున్న లేచేసరికి గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో వాడి బొంత. పారేసిందనుకున్న ఆకుపచ్చ ముక్కను మళ్ళీ నడిమధ్యన కుడుతోంది. ఎవరికే అది అని అరిచాను. పంటితో దారం కొరికి నావైపు చూసింది.

"ఇంక తియ్యనే గౌరీ. నాను ఇంకెప్పుడూ తియ్యను."

జరీ అంచు గట్టిగా ఉందో లేదోనని ఒకసారి లాగి చూసింది.