‘నేను’ అని ఉన్నచోటల్లా

“ప్రూఫులు సాయంత్రానికల్లా చూసెయ్యవోయ్. రేపు పొద్దున్నే ప్రెస్సాయన వస్తానన్నాడు,” అన్నాడు మాస్టారు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఆయన భార్య అప్పుడు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వారానికి ఒక్కరోజు దొరికే సెలవు. ఆ ఒక్కరోజులోనే దుప్పట్లు ఉతకాలి, ఫ్యాన్లు తుడవాలి, అత్తగారికి తలస్నానం చేయించాలి. ఆ వరుసలో ఇప్పుడు మూడువందల నలభై పేజీల ప్రూఫులు కూడా వచ్చి కూర్చున్నాయి. “మీరే ఒకసారి చూసుకోకూడదూ?” అంటే, “నాకు కళ్లు లాగుతాయి. అయినా తప్పులు పట్టడంలో నీ తరవాతే ఎవరైనా,” అన్నాడు. పని పడినప్పుడు మాస్టారి నోట మెచ్చుకోలుకి కరువుండదు.

పుస్తకం పేర్ల గురించి. ఏ జాతివాళ్లు బిడ్డకు ఏ పేరు ఎందుకు పెట్టుకుంటారు, ఆ పేరుకు అర్థమేమిటి, అది ఏ భాషలోంచి నడిచివచ్చింది అని. కాలేజీలో భాష పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారికి వచ్చిన ఊహ అది. దానికి తిండి పెట్టి పెంచింది మాత్రం ఆమె. ఆమె ప్రసూతి వార్డులో నర్సు. ఆ వార్డుకు ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. కొండలు దిగి వచ్చినవాళ్లు, పని వెతుక్కుంటూ సముద్రాలు దాటి వచ్చినవాళ్లు. నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరాడే ఆ కాస్త వ్యవధిలో ఆమె వాళ్ల నడుం రాస్తూ అడిగేది: “నీ పేరుకు అర్థమేంటమ్మా? ఎవరు పెట్టారు?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పని ఆడది లేదు. తల్లి నడిచిపోతూ దోవలో కన్నదట, అందుకని ఒకామె పేరుకు ‘బాట’ అని అర్థం. ఇంకొకామెకు పుట్టిన వారమే పేరు. చచ్చిపోయిన నాయనమ్మ పేరు పెట్టుకున్నామె, “మా నాన్న నన్ను తిట్టాలంటే భయపడేవాడు, వాళ్లమ్మని తిట్టినట్టుంటుందని,” అంది. ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే నాలుగోదానికి ‘చెత్త’ అని పెట్టారు, చావు కన్ను పడకుండా. “చెత్తనెవరెత్తుకుపోతారు సిస్టర్? అందుకే బతికున్నా,” అని నొప్పుల్లోనే నవ్వింది ఆ పిల్ల. మరొకామె అసలు పేరు ఎవరికీ చెప్పకూడదట. కాన్పు కష్టమైనప్పుడు ఈమె చెవిలో మాత్రం చెప్పి, “రాయకు,” అంది. ఈమె రాయలేదు. మిగిలినవన్నీ మందుచీటీల వెనక రాసుకుని జేబులో కుక్కుకుని, ఇంటికొచ్చి వంటయ్యాక అట్టముక్కల మీదికి శుభ్రంగా ఎక్కించేది. పందొమ్మిదేళ్లకు నాలుగువేల చీటీలయ్యాయి.

చిక్కుడుకాయలు పొయ్యి మీద పడేసి, చెయ్యి తుడుచుకుని, ఎర్రకలం తీసుకుని భోజనాలబల్ల దగ్గర కూర్చుంది. ముందుమాట కొత్తగా రాశాడు, ఆమె చూడలేదు. “ప్రసూతి వార్డుల్లో, తల్లుల మంచాల పక్కన కూర్చుని నేను సేకరించిన ఈ పేర్లు...” అని ఉంది. కింద కృతజ్ఞతలు. ప్రిన్సిపాలుగారికి, ప్రెస్సు యజమానికి, కంప్యూటరు అరువిచ్చిన మిత్రుడికి పేరుపేరునా. చివర్లో, “ఓపిగ్గా టీలు అందించిన నా శ్రీమతికి.”

ఆమె ఆ పేజీ పట్టుకుని వెళ్లి ఆయన కుర్చీ పక్కన నిలబడింది.

“మంచాల పక్కన మీరు కూర్చున్నారా?”

“ఆఁ?”

“వార్డు గుమ్మం దగ్గర వాచ్‌మన్‌ని దాటి మీరెప్పుడైనా లోపలికొచ్చారా? ఫినాయిలు వాసనకి తలనొప్పని నా కేరేజీ కూడా గేటు దగ్గరే ఇచ్చి వెళ్లేవారు.”

ఆయన నవ్వాడు. “పుస్తకాల్లో అలాగే రాస్తారోయ్. అయినా మనిద్దరం వేరా? నా పేరుంటే నీ పేరున్నట్టే కదా.”

“అయితే నా పేరొక్కటే వేద్దాం. మీ పేరున్నట్టేగా.”

ఆయన నవ్వు ఆగింది. కిటికీ పక్క కుర్చీలో జుట్టు ఆరబెట్టుకుంటున్న అత్తగారు అందుకుంది. “పేరుదేముందే పిచ్చిదానా! గిన్నె మీద పేరు చెక్కించుకున్నంత మాత్రాన తోమే పని తప్పుతుందా?” అని తన మాటకు తనే కిసుక్కుమంది. ఆమె బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. అలవాటే. ఈ ఇంట్లో ఏ మాటైనా ఎవరో ఒకరి నవ్వుతో ముగిసిపోతుంది, పొయ్యి మీది కూర మాత్రం ఆమే చూసుకోవాలి.

రెండువందల పన్నెండో పేజీ దాకా ఆమె అచ్చుతప్పులే దిద్దింది. ‘వద్దనుకున్న ఆడపిల్లల పేర్లు’ అని అధ్యాయం. “నేనెరిగిన ఒక కుటుంబంలో వరుసగా అయిదో ఆడపిల్ల పుట్టగా, తండ్రి విసిగి, ‘ఇక చాలు’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు,” అని ఉంది. పక్కనే లావు అక్షరాల్లో ఆమె పేరు.

ఆమె కలం కింద పెట్టేసింది. ఈ పేరా కూడా ఆయన కొత్తగా చేర్చిందే. ఈ కథ ఆమె ఏ చీటీ మీదా రాయలేదు. పెళ్లయిన కొత్తలో, ఒక వానపూట, ఆయన చేతి మీద తల పెట్టుకుని చెప్పింది. బళ్లో హాజరు పిలిచినప్పుడల్లా పేరుకు అర్థం తెలిసిన పిల్లలు ఎలా మూతులు మూసుకుని నవ్వేవాళ్లో, తను ‘ఉన్నానండీ’ అనడానికి ఎంత సిగ్గుపడేదో చెప్పి ఏడ్చింది. ఆయన కళ్లు తుడిచి, “పోనీలే, నేను నిన్నెప్పుడూ ఆ పేరుతో పిలవను,” అన్నాడు. అన్నట్టే పిలవలేదు. ఇరవయ్యేడేళ్లుగా ‘ఏమోయ్’. దాన్ని ప్రేమనుకుని ఆమె ఇరవయ్యేడేళ్లు గడిపేసింది. ఆయన మరిచిపోయాడేమో అనుకునేది. మరిచిపోలేదు, దాచుకున్నాడు. పనికొచ్చే చోట వాడుకున్నాడు. పుస్తకం మొత్తంలో ఆమె పేరు ఉన్నది ఇదొక్కచోటే.

సాయంత్రం మళ్లీ వేడికి పెట్టిన కూర అడుగంటిన వాసన వచ్చింది. ఆమె లేవలేదు. “ఏమే, మాడుతోంది!” అని అత్తగారు అరిచింది, మాస్టారే వెళ్లి పొయ్యి ఆర్పాడు. ఆమె మొదటి పేజీకి తిరిగి వెళ్లి, ఈసారి ‘నేను’ అని ఉన్నచోటల్లా ఆగింది. నిజంగా ఆయన చేసిందైతే వదిలేసింది. కానిచోట కొట్టేసి, అంచున తన పేరు రాసింది. పదిహేడు చోట్లు తేలాయి. రెండువందల పన్నెండో పేజీలో ఆ పేరాకు అడ్డంగా గీత గీసి, “తీసేయాలి. ఈ పేరు గల మనిషి ఒప్పుకోలేదు,” అని రాసింది. లోపలి అట్ట మీద ఆయన పేరు కింద ‘సేకరణ’ అని రాసి, దాని పక్కన తన పేరు పెట్టింది.

మర్నాడు పొద్దున ఆమె డ్యూటీకి తయారవుతుండగా ప్రెస్సాయన వచ్చాడు. తల నెరిసిన నిదానస్థుడు. కట్ట విప్పి నాలుగు పేజీలు తిప్పి, కళ్లజోడు సర్దుకున్నాడు. “మాస్టారూ, ‘నేను’లు చాలా కొట్టేశారే! ఇలాగే మార్చమంటారా?”

మాస్టారు కాగితాలు లాక్కుని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. “ఇదేం పని?” అన్నాడు గొంతు తగ్గించి.

“తప్పులు దిద్దమన్నారు. దిద్దాను.”

“నలుగురూ నన్నేమనుకుంటారు? తరవాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇప్పుడు దీన్ని...”

“మాట్లాడుకుందాం. ఈ దిద్దుబాట్లు వద్దంటే మీ పుస్తకం మీరు వేసుకోండి. నా చీటీలు నేను తీసుకుంటాను. అవి తీసేస్తే మిగిలేది ముందుమాటే.” ఆమె గొంతు పెంచలేదు. వార్డులో ఏడ్చే భర్తలతో మాట్లాడే గొంతే అది. “రెండువందల పన్నెండో పేజీ మాత్రం ఎలాగైనా తీసెయ్యాలి. అది మీకు నేను పుస్తకం కోసం చెప్పలేదు.”

ఆ మాటకు ఆయన ఆమె వంక చూశాడు, చాలాకాలానికి. కాగితాలు ప్రెస్సాయన చేతికిచ్చి, “ఉన్నదున్నట్టు మార్చండి,” అని గోడవైపు చూస్తూ అన్నాడు.

“సరే. సేకరణ అన్నచోట అక్షరాలు అలుక్కుపోయాయమ్మా. అట్ట మీద తప్పు పోకూడదు, పేరు ఓసారి చెప్పండి.”

ఆమె చెప్పింది. ఒక్కో అక్షరం నిదానంగా, గదిలో అందరికీ వినపడేలా. ప్రెస్సాయన రాసుకుని, మళ్లీ చదివి వినిపించి, కట్ట చంకన పెట్టుకుని వెళ్లాడు.

ఆమె సంచీ భుజాన వేసుకుంటుంటే కిటికీ దగ్గరినుంచి అత్తగారు, “అమ్మాయ్, నా పేరుందా అందులో?” అంది.

ఆమె నిలబడిపోయింది. నాలుగువేల మందిని అడిగింది. రోజూ అన్నం పెట్టి, తల దువ్వి, మందు వేసే ఈ మనిషిని ఒక్కసారీ అడగలేదు. రేషన్ కార్డు మీద చూసిన గుర్తే గానీ, ఆ పేరుకు అర్థమేమిటో, ఎవరు పెట్టారో తెలియదు. వార్డుకు ఆలస్యమవుతుందని తెలిసీ సంచీ దించింది. బల్ల మీదినుంచి ఖాళీ చీటీ ఒకటి తీసుకుని, ముసలామె కుర్చీ పక్కన పీట లాక్కుని కూర్చుంది.

“చెప్పండత్తయ్యా. మీ పేరేంటి?”

ముసలామె పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. చేత్తో ఆగమన్నట్టు సైగ చేసింది.

“ఉండవే... ఎవరూ పిలవక యాభై ఏళ్లయింది. ముందు నన్ను నేనే ఒకసారి పిలుచుకోనీ.”