బిరాబ్వా పేరున అరటి బోదె

ఆ కాగితం నింపింది నేనే. మందిరంలో చదువుకున్న ఆడవాళ్ళు ఇద్దరున్నారు, అడిగితే నింపిపెట్టేవాళ్ళే. అడగలేదు. నాకు చదవడం ఎవరూ నేర్పలేదు. పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నోటికొచ్చిన పాట ఒక్కో ముక్కా ఏ అక్షరాల మీద పడుతుందో వేలుపెట్టి చూసుకుంటూ నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ ఏ మాటనైనా విరిచి, లోపల ఏముందో చూసి గానీ ముందుకు పోను. ఈ చేటంతా ఆ అలవాటు వల్లే జరిగింది.

నిండు గంప సంఘం వాళ్ళది ఆ కాగితం. మా మందిరాల తరఫున ఊళ్ళలో బావులు తవ్విస్తారు, కుర్రకారుకు పనులు నేర్పిస్తారు. ఈసారి మసాకా పట్నంలో మోటారు సైకిళ్ళ మరమ్మతు, ఆరు నెలలు. అయ్యాక ప్రతి ఒక్కరికీ ఒక పనిముట్ల పెట్టె. నా మనవరాలు నంబూసి మూడేళ్ళుగా కూడలి దగ్గర టైర్లకు పంక్చర్లు వేస్తోంది. ఇంజను మాత్రం దాన్ని ముట్టుకోనివ్వరు. ఆడపిల్లవి, గాలి కొట్టు చాలు అంటారు. ఆ పెట్టె కోసం అది ఎంత ఎదురు చూసిందో నాకు తెలుసు.

కాగితంలో ఒకచోట 'పిల్ల పరిస్థితి' అని ఉంది, పక్కన ఒక్క గీత. నేను 'ములెక్వా' అని రాశాను.

మా భాషలో అది తల్లో తండ్రో చనిపోయిన పిల్లలను అనే మాట. అది నాకు తెలియక కాదు. కానీ ఆ మాటను విరిస్తే లోపల ఉన్నది 'విడిచిపెట్టడం'. విడిచిపెట్టబడినది, అంతే. నంబూసి నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు నా కూతురు బిరాబ్వా టమాటాల లారీ ఎక్కి సరిహద్దు దాటి జూబాకు వెళ్ళింది. మళ్ళీ రాలేదు. పిల్ల తండ్రి ఎవరో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత ఒక లారీ డ్రైవరు ఆమెను అక్కడి సంతలో బొగ్గుల బస్తాల పక్కన చూశానన్నాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళు, ఒక్క కబురు లేదు. తల్లి విడిచిపోయిన పిల్లను ఇంకేమని రాయాలి?

ఎంపికైన పేర్లు ఆదివారం ఆరాధనలో చదివారు. నంబూసి పేరు మూడోది. అది లేచి నిలబడి, సిగ్గుపడి, వెంటనే కూర్చుంది. మా పక్కింటి నాలొంగో నిలబడే ఉంది. ఆమె అసలు పేరు వేరు. కవలలను కన్నది కాబట్టి ఊరంతా ఆమెను అలా గౌరవంగా పిలుస్తుంది. ఆమె మనవరాలి పేరు ఆ జాబితాకు ఒక్క మెట్టు కింద ఆగిపోయింది.

బుధవారం పొద్దున సంఘం మనిషి ఎరస్టో వచ్చాడు. చొక్కా జేబులో రెండు కలాలు. వెనకాల నాలొంగో, దారి చూపడానికట. మా ఇంటికి దారి ఆయనకు తెలియకేం, మా అరుగు మీదే కూర్చుని రెండుసార్లు టీ తాగాడు.

"సమాధి ఎక్కడుందమ్మా?" అన్నాడు, కూర్చోకుండానే.

"ఎవరి సమాధి?"

"మీ అమ్మాయిది."

"నా కూతురికి సమాధేంటి? నీ నోట్లో మన్నుపడ!"

నాలొంగో చప్పట్లు కొట్టింది. "చూశారా సార్? నేను చెప్పలా? బతికున్న కూతుర్ని కాగితం మీద చంపి, ఇప్పుడు సమాధి అంటే ఉలిక్కిపడుతోంది మా అక్క."

ఎరస్టో కాగితం తీసి నా ముందు ఆడించాడు. "ములెక్వా అని రాసింది ఎవరు?"

"నేనే."

"అంటే తల్లి పోయినట్టేగా?"

"పోయింది. పోయిందనే రాశాను. జూబాకు పోయింది."

"మాటలతో ఆడుకోకు పెద్దమ్మా. ఇది దేవుడి పేరున నడిచే సంఘం. తల్లీ తండ్రీ లేని పిల్లలకని సముద్రం అవతలి వాళ్ళు ప్రార్థన చేసి పంపుతారు. వాళ్ళకు నేనేం జవాబు చెప్పాలి? అబద్ధాల వాళ్ళని ఏరుకొచ్చామనా?"

"తల్లి బతికుండి పనికిరాకపోతే? అలాంటి పిల్లకు మీ గంపలో చోటు లేదా?"

"ఆ గడి లేదు కాగితంలో" అన్నాడు. ఎగతాళికి అనలేదు, నిజంగానే అన్నాడు. అందుకు ఇంకా ఒళ్ళు మండింది.

శనివారంలోగా బిరాబ్వా చనిపోయినట్టు ఊరి ఛైర్మన్ ముద్ర వేసిన చీటీ ఇస్తే సరి, లేకపోతే ఆ చోటు తర్వాతి పేరుకు పోతుందని చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాతి పేరు ఎవరిదో నాలొంగో నా ముఖంలోకి చూసి నవ్వి మరీ చెప్పింది.

నంబూసి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చేతులకు టైరు జిగురు.

"పద జాజ్జా, ఛైర్మన్ దగ్గరికి" అంది. జాజ్జా అంటే మా భాషలో అమ్మమ్మ.

ఛైర్మన్ దగ్గర నా మరిది సెమ్వంగా కూడా ఉన్నాడు. మా ఇంటి వంశానికి ఇప్పుడు అతనే పెద్ద. ఛైర్మన్ పనసతొనలు తింటూ అంతా విన్నాడు, వేళ్ళకంటిన బంకను ఆకుతో తుడుచుకున్నాడు.

"శవం లేకుండా చీటీ రాయలేను" అన్నాడు. "పూడ్చినట్టు ఊరు చూడాలి."

"శవం లేకపోతే బోదె ఉందిగా" అన్నాడు మా మరిది.

 ఏటిలో పోయినవాళ్ళకు, యుద్ధంలో పోయి దొరకనివాళ్ళకు మావాళ్ళు అరటి బోదెను, శవానికి చుట్టే చెట్టు బెరడు బట్టలో చుట్టి, మనిషిని పూడ్చినట్టే పూడుస్తారు. ఆ తర్వాత ఆ మనిషి పేరు తలుచుకునేటప్పుడు 'పాపం' అని కలుపుతారు. ఒకవేళ ఆ మనిషి తిరిగొచ్చినా ఇంట్లోకి నేరుగా రాకూడదు. చచ్చినవాళ్ళకు గుమ్మం ఉండదు.

"వదినా, పధ్నాలుగేళ్ళు" అన్నాడు సెమ్వంగా. "బతికుంటే ఒక్క కబురు రాదా? కోడిపిల్ల తప్పిపోయినా మూడో రోజుకు ఆశ వదులుకుంటాం."

"అది కోడిపిల్ల కాదు."

"మరి ఈ పిల్ల?" నంబూసి వైపు గడ్డం చూపించాడు. "దీని బతుకు ఆ లేనిదాని కోసం ఆపుతావా?"

"నేను ఆపడంలేదు. ఆ రెండు కలాల వాడు ఆపుతున్నాడు."

నంబూసి ముందుకొచ్చింది. "చిన్నతాతా, రేపు పొద్దున తవ్వుదాం" అంది. "గొయ్యి నేను తవ్వుతా."

దారిపొడుగునా పోట్లాడుకుంటూ ఇంటికొచ్చాం. కాఫీ తోటల్లో పనిచేసేవాళ్ళు ఆగి విన్నారు, విననీ అనుకున్నాను.

"నీ కన్నతల్లిని పాతిపెడతానంటావా?"

"కన్నతల్లి ముఖం ఎలా ఉంటుందో చెప్పు చూద్దాం. నాకు గుర్తులేదు. నువ్వు చెబితే తప్ప నాకేం తెలియదు. నువ్వు చెప్పేది కూడా ఏడాదికోసారి మారుతుంది, ఒకసారి పొడుగు, ఒకసారి పొట్టి."

"నోరు ముయ్యి."

"నీకు చీటీ గురించి బాధ లేదు జాజ్జా. నేను మసాకా వెళ్తాననే నీ బాధ. ఆమె తిరిగిరాలేదు కాబట్టి నేనూ రాననుకుంటావు. అందుకే ఈ కాగితం తప్పుగా రాశావేమో, ఎవరికి తెలుసు!"

చెంప మీద కొట్టాను. అది తలొంచలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. "ఇంకోటి కొట్టు" అంది. "రేపు మాత్రం రా. నువ్వు రాకపోతే ఊరు ఒప్పుకోదు."

మొదటిసారి నాకు భయమేసింది, అది అన్నదాంట్లో నిజమెంత ఉందోనని. కాగితం రాసేటప్పుడు నా మనసు మూలల్లో ఏముందో నాకే పూర్తిగా తెలియదు. మా ఆయన పోయాడు, కొడుకులిద్దరూ పోయారు. వాళ్ళు ముగ్గురూ చచ్చిపోయే పోయారు, చేతులతో పూడ్చాను. బిరాబ్వా ఒక్కతే నడుచుకుంటూ పోయింది. నడిచి పోయినవాళ్ళు నడిచి రావచ్చు. నాకున్న లెక్క అదొక్కటే.

పొద్దున సెమ్వంగా మా తోటలోనే ఒక అరటి చెట్టు కొట్టాడు. గెల వేయనిది. బోదెను నా కూతురంత పొడవుకు నరకాలన్నాడు. "ఎంత?" అని నన్నే అడిగాడు. నేను చెప్పలేదు. నంబూసి వెళ్ళి బోదె పక్కన నేలమీద పడుకుంది. "నా అంత" అంది. దాని తల దగ్గర కత్తి పెట్టి నరికారు.

వంశం వాళ్ళ సమాధుల పక్కన గొయ్యి తవ్వింది నంబూసే. ఊరివాళ్ళు పాతికమంది దాకా వచ్చారు. చాలామంది వినోదానికే వచ్చారు. నాలొంగో ముందు వరసలో నిలబడింది. ఛైర్మన్ ముద్ర, సిరా డబ్బా పట్టుకుని వచ్చి గట్టుమీద కూర్చున్నాడు. ఎరస్టో రాలేదు. మందిరం మనిషి కదా, ఇలాంటివి కంటితో చూడకూడదు. కాగితం మీద చూస్తే పరవాలేదు.

బెరడు బట్టలో చుట్టిన బోదెను గొయ్యి అంచున పెట్టారు. ఇక నా వంతు. చావును ఊరికి చెప్పేది ఏడుపే. దగ్గరి ఆడమనిషి గొంతెత్తి పిలిచి ఏడవాలి. ఆ గొంతు లేస్తేనే చావు, లేకపోతే అది తోటలో కొట్టిన ఒక చెట్టు, అంతే.

అందరూ నా వైపు చూశారు.

నేను నోరు తెరవలేదు.

"పెద్దమ్మా, కానివ్వు. నాకు పంచాయితీ ఒకటుంది" అన్నాడు ఛైర్మన్.

"ఏడుపు రావడంలేదా అక్కా?" అంది నాలొంగో. "కాగితం మీద బాగానే చంపావుగా, ఇక్కడేం అడ్డమొచ్చింది?"

"నాలొంగో, నువ్వు నాలుగు కాళ్ళ మీద పుట్టాల్సింది, మొరిగినా అందంగా ఉండేది" అన్నాను. కొందరు నవ్వారు. నేను మాత్రం ఏడవలేదు. పెదవులు కొరుక్కుని నిలబడ్డాను. బిరాబ్వా బతికుంది. ఎక్కడో సంతలో బొగ్గు అమ్ముతోంది. నేను పిలిస్తే అక్కడ కూలబడిపోతుందనిపించింది.

అప్పుడు నంబూసి పార కింద పడేసింది.

మొదట దొంగ ఏడుపే. జనం కోసం తీసే గొంతు అది, నాకు తెలుస్తుంది. "అమ్మా, బిరాబ్వా అమ్మా" అని రాగం తీసింది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. రెండోసారి పిలిచేటప్పుడు ఆ రాగం మధ్యలో తెగిపోయింది. మూడోసారి అది పిలిచింది చచ్చిన మనిషిని కాదు. "ఎందుకు వెళ్ళావే? నన్నెందుకు తీసుకెళ్ళలేదే? నేను లారీ వెనకాల పరిగెత్తానే" అంది.

అది పరిగెత్తిందని నాకు తెలియదు. ఆ రోజు లారీ కదిలేసరికి నేను తిరిగొచ్చి వంటింట్లో ఉన్నాను.

దారిన పోయే ఒకామె తలమీది పనసకాయ దించి, నడుముకు గుడ్డ బిగించుకుని లోపలికి వచ్చేసింది. బోదె అని ఆమెకు తెలియదు. తెలిసినవాళ్ళు కూడా ఒక్కొక్కరే గొంతు కలిపారు. నాలొంగో కళ్ళు దించుకుంది. నేను మాత్రం అలాగే నిలబడ్డాను. పిల్ల దగ్గరికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. అది నా కూతుర్ని పూడుస్తోంది.

ఛైర్మన్ ముద్ర వేశాడు. శనివారం ఎరస్టో ఆ చీటీని వెలుగులోకి ఎత్తి చూసుకుని, "దేవుడికి స్తోత్రం" అన్నాడు. దేనికి స్తోత్రమో ఆయననే అడగాలి. సాయంత్రం నాలొంగో చావింటికి తెచ్చినట్టు ఉడికించిన అరటికాయల ముద్ద, ఆకులో చుట్టి తెచ్చింది. ఆమె చూస్తుండగానే మేకకు పెట్టాను.

నంబూసికీ నాకూ మాటల్లేవు. అది గుడ్డలు సర్దుకుంది, నేను చూడనట్టు ఉన్నాను.

సోమవారం సంఘం బండి వచ్చింది. రాత్రి వాన పడి వాకిలంతా బురద. నేను అరుగు మీద వేరుశనగ కాయలు వలుస్తున్నాను. నంబూసి సంచి పక్కన పెట్టి ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుని, "జాజ్జా, బాగుండు" అంది.

పెద్దవాళ్ళు బదులు పలికేదాకా మోకరిల్లిన ఆడపిల్ల లేవకూడదు. ఆ పెద్దమనిషి తాగుబోతైనా సరే లేవదు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. నేను కాయలు వలిచాను.

ఎరస్టో హారన్ కొట్టాడు. "నంబూసీ! ఎక్కుతావా, లేక ఈ అమ్మాయిని ఎక్కించుకోనా?" కంచె దగ్గర నాలొంగో మనవరాలు కొత్త చెప్పులు వేసుకుని, సంచితో సహా నిలబడి ఉంది. ఎవరు చెప్పారో, ఎప్పుడొచ్చిందో.

నంబూసి లేవలేదు. బిరాబ్వా వెళ్ళేటప్పుడు నేను అన్నీ సవ్యంగా చెప్పాను. లెమ్మన్నాను, దీవించాను, మలుపుదాకా వెంట నడిచాను. అంత చేస్తే తిరిగి రాలేదు. ఈసారి ఒక్క మాట చెప్పకపోతే చాలు, పిల్ల ఇక్కడే ఉంటుంది. బండి వెళ్ళిపోతుంది. నోరు మూసుకుని ఇంకో గుప్పెడు కాయలు వలిస్తే చాలు.

"మీ అమ్మను పాతిపెట్టావు" అన్నాను చివరికి.

"పెట్టాను."

"మళ్ళీ తవ్వి తీస్తావా?"

"బోదె కదా జాజ్జా, ఈపాటికి కుళ్ళుతూ ఉంటుంది" అంది. గొంతులో వెటకారం ఉంది, కంట్లో నీళ్ళున్నాయి. "నీ మీద నాకు చచ్చేంత కోపముంది. అయినా లేవమను. నువ్వు చెప్పకుండా లేవను."

ఎరస్టో బండి దిగి గేటుదాకా వచ్చాడు. "ఏంటమ్మా ఇది, పిల్లను బురదలో కూర్చోబెట్టి?"

"నువ్వు బయటే ఉండు" అన్నాను. "ఇక్కడ నీ గడి లేదు."

నంబూసి మోకాళ్ళు బురదలోకి ఇంకా దిగాయి. టైర్లు విప్పి విప్పి మందంగా అయిపోయిన దాని చేతులు ఒళ్ళో ఉన్నాయి. లేవకుండా అది ఎంతసేపైనా ఉంటుంది. ఆ మొండితనం నాదే.

"లే" అన్నాను.

ఇంకేమీ అనలేదు, దీవించలేదు. అది లేచి, బురద దులుపుకోకుండానే వెళ్ళి బండి ఎక్కింది. నేను మలుపుదాకా వెళ్ళలేదు. నాలొంగో మనవరాలు కంచె దగ్గర సంచి పట్టుకుని ఇంకా అలాగే నిలబడి ఉంటే, "ఏం చూస్తున్నావ్, ఇంటికి పో" అని కసిరాను.